పాలరాతి నేల, పసుపు కాళ్లు

మా ఎదురింటి సారంగపాణి మామ పొద్దున్నే లేవగానే దేవుడి పటం వైపు చూడడు, నేల వైపు చూస్తాడు. లుంగీ ఎగ్గట్టి, మెత్తటి నూలు గుడ్డ పట్టుకుని, హాలు ఈ మూల నుంచి ఆ మూల దాకా వంగి వంగి తుడుస్తాడు. కిటికీ తెరిచి ఉంటే మా వరండాలోకి అంతా కనిపిస్తుంది. మొదట్లో వీధిలో ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "భద్రమ్మ అదృష్టం చూడుండ్రి, మొగడు ఇల్లు తుడుస్తుండు" అన్నారు. అది అదృష్టమో కాదో వాళ్లకేం తెలుసు? ఎదురుగా ఉండి చూసేదాన్ని నేను.

మామ మణుగూరు బొగ్గుబావుల్లో పనిచేశాడు. లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. దిగితే చీకటి, ఎక్కితే మసి. సబ్బు ఎంత రుద్దినా గోళ్ల సందుల్లో నలుపు పోయేది కాదట. రిటైరయ్యాక పినపాక దగ్గర మా ఊళ్లో ఇల్లు కట్టాడు. హాలు నిండా తెల్ల పాలరాతి బండలు వేయించాడు. ఎందుకు ఇంత తెలుపు అని ఎవరో అడిగితే, "బతుకంత నల్ల నేల తొక్కిన. ఇగ తెల్ల నేల తొక్కుత" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది, తర్వాత ఎంత చిరాకు పెట్టినా.

ఆయన భార్య భద్రమ్మత్తకు కూడా ఇల్లు కట్టేటప్పుడు ఒక కోరిక ఉండేది. కంపెనీ క్వార్టర్‌లో ముందుగది ఎంతుండేదంటే, మంచం వేస్తే మనిషి పక్కకు నడవాలి. శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలిస్తే సగంమంది లోపల, సగంమంది మురుగు కాలువ పక్కన కూర్చునేవారు. వాయనం చేతులు మారి మారి బయటికి పోయేది. అందుకే, "హాలు పెద్దగ ఉండాలె. వచ్చినోళ్లందరు ఒక్కపారి లోపల కూసోవాలె" అని అడిగింది. వేరే ఏమీ అడగలేదు. మామ హాలు పెద్దగానే కట్టించాడు. ఇద్దరి కోరికా తీరింది. చిక్కేమిటంటే రెండూ ఒకే హాల్లో తీరాయి.

బండలు వేసింది ఇల్లందు మేస్త్రీ రామ్‌సింగ్. పని అయిపోయిన రోజు మామను పక్కన కూర్చోబెట్టుకుని జాగ్రత్తలు చెప్పాడు.

"ఈ రాయికి పులుపు పడదు మామా. నిమ్మకాయ, చింతపండు, బాత్రూములు కడిగే ఆసిడ్, ఏది తగిలినా నునుపు తినేస్తది. ముందుగాల పొడిగుడ్డతోని దుమ్ము తియ్యి. దుమ్ము మీదనే తడిగుడ్డ ఏసి రుద్దితె గీతలు పడ్తయి. చాయ్ ఒలికితె రుద్దకు, అద్దు. తడి నిల్వ ఉంచకు."

మరకలు లోపలికి దిగకుండా బండలకు ఒక మందు కూడా పూశాడు. సీలర్ అంటారు దాన్ని. అది కొంతవరకే కాపాడుతుందని, ఏడాదికోసారి మళ్లీ పూసుకోవాలని చెప్పి పోయాడు.

మామ ఆ మాటలను పాఠంలా వల్లెవేశాడు. ఆ రోజు నుంచి ఇత్తడి చెంబులు చింతపండుతో తోమడం పెరట్లోకి పోయింది. పచ్చడి జాడీకి హాల్లోంచి దారి లేదు. మణుగూరు రోడ్డు మీద బొగ్గు లారీ పోయిన శబ్దం వస్తే చాలు, కిటికీలు మూసేవాడు. చుట్టాలు వస్తే చాయ్ వంటింట్లోనే. తాగేవాళ్లు కప్పు ఎత్తినప్పుడల్లా మామ మెడ సాచి కప్పు అడుగు చూసేవాడు.

అత్త దేనికీ ఎదురు చెప్పలేదు. ఆమె వదులుకోనిది ఒక్కటే, శుక్రవారం గడపకు పసుపు రాయడం. ఒకనాడు రాస్తుంటే గిన్నె ఒరిగి పసుపు ముద్ద గడప లోపలి బండ మీద పడింది. మామ గుడ్డ తెచ్చి అద్దాడు. పసుపు వదల్లేదు. కంగారులో బట్టల సోడా కలిపిన నీళ్లు పోశాడు. పసుపుకు సోడా తగిలితే ఎర్రబడుతుంది కదా, బండ మీద నెత్తురు కారినట్టయింది. దాంతో మనిషికి మతి పోయింది. రామ్‌సింగ్ చెప్పినవన్నీ మరిచిపోయి నిమ్మచెక్క తెచ్చి, బావిలో దుంగ మీద చూపించే బలమంతా పెట్టి రుద్దాడు. ఎరుపు పోయింది. దాంతోపాటు మెరుపూ పోయింది. అరచేయంత మేర బండ ఆవిరి పట్టిన అద్దంలా మిగిలింది.

రామ్‌సింగ్‌ను పిలిపించాడు. అతను గొంతుకు కూర్చుని వేలితో తడిమి చూశాడు.

"పసుపుదేమున్నది మామా, ఎండ తగిలితె దానంతటదే ఎలిసిపోయేది. ఈ మచ్చ నిమ్మకాయది" అన్నాడు.

తప్పు తనదని తెలిస్తే కొందరికి సిగ్గేస్తుంది, కొందరికి కోపం వస్తుంది. మామకు కోపం వచ్చింది, అదీ పసుపు మీద. మరుసటి వారం భద్రాచలం పోయి, పసుపు రాసి ముగ్గు వేసినట్టు అచ్చేసిన ప్లాస్టిక్ స్టిక్కర్ తెచ్చి గడపకు అంటించాడు. ఇక చేత్తో రాయనక్కర్లేదన్నాడు. అత్త ఆ స్టిక్కర్‌ను కాసేపు చూసి వంటింట్లోకి పోయింది.

ఆ ఇంట్లో మొదటి శ్రావణం వచ్చింది. పేరంటమంటే వచ్చిన ముత్తైదువ కాళ్లకు పసుపు రాయాలి. ఆ కాళ్లతో ఆమె ఇంట్లో తిరగాలి. ఆ అడుగులు పడితే ఇంటికి లక్ష్మి వచ్చినట్టని మా ఆడవాళ్ల లెక్క. అత్త ఇంటింటికీ తిరిగి బొట్టుపెట్టి పిలిచింది. తీరా వెళ్తే చాపలు వరండాలో పరిచి ఉన్నాయి. పైనుంచి జల్లు, కింద చెమ్మ. పసుపు మాత్రం పోయేటప్పుడు ఆఖరి మెట్టు మీద రాయాలని మామ షరతు. రాయించుకుని అటు నుంచి అటే వీధిలోకి దిగాలి. కిటికీలోంచి చూస్తే హాలు ఖాళీగా, తళతళలాడుతూ ఉంది. అత్త ఎవరి ముఖమూ చూడకుండా వంగి కాళ్లకు పసుపు రాసింది.

"పేరంటానికి పిలిచి గేటు కాడికెల్లి పంపుడేంది?" అని సువర్ణ వీధిలోకొచ్చాక అంది. సువర్ణ మా పక్కింటామె, కడుపులో ఏదీ దాచుకోదు. ఆ మాటే అందరి మనసులోనూ ఉంది. నాకూ ఉంది. పసుపు కాళ్లతో వర్షంలో వీధిన పడ్డవాళ్లం మరి, ఇంకేమనుకుంటాం?

ఆ తర్వాత అత్త ఇంటికి రాకపోకలు పలచబడ్డాయి. పోట్లాట ఏమీ లేదు. పప్పు అడగడానికి వచ్చినా గేటు దగ్గరే నిలబడి అడిగేవారు. అత్త రమ్మనేది. "కాళ్లకు మట్టున్నది తియ్" అనేవారు. ఊరు నిండా మనుషులున్నా ఆమె ఆ పెద్ద హాల్లో ఒక్కతే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకునేది. ఒకసారి నాతో, "కొల్వర్టరే మంచిగుండె పిల్లా" అంది. క్వార్టర్‌ను ఆమె అట్లాగే అంటుంది.

మళ్లీ శ్రావణం వచ్చింది. ఈసారి మామ తనంతట తానే మెత్తబడ్డాడు. మిరపకాయలు ఎండబోసే నీలం టార్పాలిన్ పట్టా కొత్తది కొన్నాడు. పేరంటం నాటి మధ్యాహ్నం హాలంతా గోడకు గోడ పరిచి, అంచుల మీద ఇటుకలు పెట్టాడు. శుభ్రమైన చొక్కా వేసుకుని వరండాలో కూర్చున్నాడు. సాయంత్రం నేను పళ్లెం పట్టుకుని బయటికి రాగానే లేచాడు.

"రా బిడ్డా, ఈపారి లోపలనే. ఎంతసేపైన కూసోండ్రి. మీ అత్త ఏడికో పోయింది, వస్తది."

పళ్లెం రెండో చేతికి మార్చుకుని చెప్పాను. "అత్త సువర్ణ వాళ్లింట్లో ఉంది మామా. పేరంటం అక్కడే. అక్కడికే రమ్మని మొన్న బొట్టుపెట్టి పిలిచింది."

మామ నా వెనకే వచ్చాడు. సువర్ణ ఇంట్లో సిమెంటు గచ్చు, అక్కడక్కడా పెచ్చులూడింది. ఆడవాళ్లు ఒకరి మోకాలు ఒకరికి తగిలేలా కూర్చున్నారు. గచ్చంతా పచ్చటి అడుగులు. మధ్యలో భద్రమ్మత్త ఒక ముసలమ్మ పాదం ఒళ్లో పెట్టుకుని పసుపు రాస్తూ ఏదో అంటోంది, ముసలమ్మ కితకితలకు కాలు లాక్కుంటోంది. అత్త అంత గట్టిగా నవ్వడం ఈ ఊళ్లో నేను అప్పుడే విన్నాను.

మామ గుమ్మం బయటే నిలబడ్డాడు. "ఇంటికి తోలుకరా అందరిని. పట్టా పరిచిన" అన్నాడు.

అత్త తలెత్తింది. "పట్టా మీద మిరపకాయలు పోస్తరు. మనుషుల్ని కూసోబెట్టరు" అంది. ఎవరూ నవ్వలేదు. సువర్ణ దోసిట్లో నానిన శనగలు తెచ్చి మామ చేతిలో పోసింది. ఆయన తినకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నాకు ఆయన మీద జాలి వేసింది, ఆ జాలి మీద నాకే ఒళ్లుమండింది.

వెలుతురుండగానే ముగ్గురం ఇళ్లకు తిరిగొచ్చాం. అత్త పాదాలకు సువర్ణ చీలమండల దాకా పసుపు పూసింది. మామ వాళ్ల మెట్ల దగ్గర అత్త ఆగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి నల్లా తిప్పింది.

"ఏం చేస్తున్నవే? కడగకు" అన్నాడు మామ.

శ్రావణ శుక్రవారం నాడు ముత్తైదువ కాళ్ల పసుపు కడుక్కోదు. మొగుడు చల్లగా ఉండాలని రాయించుకునేది అది. మామకు ఆ సంగతి తెలుసు.

"పట్టా తీసేస్త. గట్లనే రా" అన్నాడు మళ్లీ.

"బండలు ఖరాబైతయి" అంది అత్త. కోపం లేదు, దెప్పిపొడుపూ లేదు. రోజూ చేసే పని గురించి చెప్పినట్టు చెప్పింది. ఒక పాదంతో ఇంకో పాదం రుద్ది రుద్ది కడిగింది. పసుపు నీళ్లు మెట్ల పక్క మట్టిలోకి పోయాయి. తడి కాళ్లతో ఆ నేల తొక్కకూడదు గనక కొంగుతో రెండు పాదాలూ తుడుచుకుని, లోపలికి పోయింది.

మామ నల్లా కట్టేసి మెట్టు మీద కూర్చున్నాడు. శనగలు ఇంకా చేతిలోనే ఉన్నాయి.