గెర్దా అటక మీద ఎండు ద్రాక్ష

మ్యూనిక్‌లో ఒక రెస్టారెంటు వంటగదిలో పోపు దగ్గర నా ఉద్యోగం. ఇంట్లో కూడా ముక్కుకు సెలవుండదు. కింది ఫ్లాట్‌లో ఉర్సులా ఉల్లిపాయలు మాడ్చినా పైనుంచి కేకేసేది నేనే. డిసెంబరులో ఆమెకి కరోనా పాజిటివ్ వచ్చింది. బాల్కనీలోంచి తల పైకెత్తి నాకో ప్రయాణం అప్పజెప్పింది.

వాళ్లమ్మ గెర్దా పల్లెలో ఉంటుంది. ద్రాక్షగుత్తుల్ని అటక మీద గడ్డిలో ఆరబెట్టి, ముడతలు పడ్డాక పిండి, తియ్యటి వైన్ చేస్తుంది. పులిసిన గుత్తులు కలిస్తే పీపా అంతా పాడే. ఆ మధ్య కరోనా వచ్చి తగ్గాక గెర్దాకి వాసన తెలియడం లేదు. ఊళ్లోవాళ్లని పిలిస్తే ఆ సంగతి బయటపడుతుంది, ఇక ఆ వైన్‌ని నమ్మేదెవరు? అందుకని ఊరికి సంబంధం లేని ముక్కు కావాలిట.

శనివారం పొద్దున ఏడు దాటాక రైలెక్కాను. టికెట్ కంటే ముందు టీకా సర్టిఫికెట్ అడిగారు. పక్కసీట్లో వరంగల్ అమ్మాయి, హానోవర్‌లో మాస్టర్స్ చేస్తోంది. ద్రాక్ష వాసన చూడ్డానికి వెళ్తున్నానన్నాను.

"గిట్లాంటి జాబులు గూడ ఉంటయా అన్నా? పెద్ద సదువులోళ్లకిచ్చే ఆ బ్లూ కార్డ్ వీసా ఇస్తరా?"

"పదో తరగతి తప్పినోళ్లకే ఇస్తారమ్మా."

నవ్వి పులిహోర డబ్బా నా వైపు జరిపింది.

వర్ట్స్‌బుర్గ్‌లో దిగి ఇంకో చిన్న రైలు, ఆపైన బస్సు. వారాంతం బస్సులు తక్కువ, వెళ్లేవాళ్లు ముందే చూసుకోండి. మధ్యాహ్నానికి చేరాను. గెర్దాకి డెబ్బై దాటాయి. వేడి సూప్ పెట్టింది. మిరియాలు రెండింతలు పడ్డాయి, నాకైతే సరిగ్గా సరిపోయింది.

అటక కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, ఒకటే చలిగాలి. గుత్తి మీదికి వంగబోయి ఆగాను. దేవుడికి పెట్టేది ముందే వాసన చూస్తే మా అమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది. ఆ మాట చెబితే గెర్దా, ఇది తాగేది మనుషులే, కానివ్వండి అంది.

కిటికీ పక్క గడ్డి చాప మీదివి ఆవిడ భర్త నాటిన తీగల కాయలు. ఆయన పోయాక ఇదే మొదటి పంట. వంగగానే వెనిగర్ వాసన కొట్టింది. ఏదైనా నవ్విస్తూ చెప్పడం నాకలవాటు, ఇక్కడ మాత్రం ఉన్నమాటే చెప్పాను.

"ఇవి పోయాయండీ."

గెర్దా ఒక గుత్తిని ముక్కుకి ఆనించుకుని చాలాసేపు ఉంచుకుంది. "నాకేం తెలియడం లేదు. మీరు ఖాయంగా చెబుతున్నారా?"

"ఖాయమే."

ఆ చాప మీదివన్నీ తనే బుట్టకెత్తి పెరట్లో పారబోసింది. మిగతావి చీకటి పడేదాకా గుత్తిగుత్తీ చూశాం, బాగున్నాయి. ఆ రాత్రి అక్కడే పడుకుని, ఆదివారం పొద్దున్నే ద్రాక్ష పిండే మర తిప్పాను. రసం సన్నగా, తేనెలా దిగింది. ఈ ఏడాదికి చిన్న పీపా నిండుతుంది.

బయల్దేరబోతుంటే పాత సీసా తీసి ఇద్దరికీ పోసింది. వాసన ఎలా ఉందో చెప్పమంది. నా జర్మన్ కూరగాయల బజారు దాకానే. బెల్లం పాకం, ఖర్జూరం, అప్పుడే కోసిన గడ్డి అంటూ సగం తెలుగులోనే చెప్పాను. బెల్లమంటే ఏమిటో ఆవిడకి తెలియదు. కళ్లు మూసుకుని, "ఇంకా చెప్పండి" అంది. బస్సు వెళ్లిపోయేదాకా చెబుతూనే ఉన్నాను.

తర్వాతి బస్సు పట్టుకుని, మ్యూనిక్ రైల్లో కూర్చుని ఉర్సులాకి ఫోన్ చేశాను. నాన్న తీగల సంగతి విని, అమ్మ ఏడ్చిందా అనడిగింది. లేదు, వైన్ పోసి వాసన అడిగిందన్నాను.

ఆ వైపు వెళితే వర్ట్స్‌బుర్గ్ కోట చూడదగ్గదంటారు, నేను చూడలేదు. ఎదుటి సీటాయన ఫ్లాస్కులోంచి కాఫీ పోస్తానన్నాడు. వద్దన్నాను. తాగాలంటే మాస్క్ తీయాలి, లోపల ఇంకా ఆ వైన్ వాసన ఉంది.