ఒరలో చేగోడీలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తుపాకీ ఊసెత్తిన మొదటి మనిషి మా మావయ్య. అప్పటికి మేము న్యూజీలాండ్‌లోని హామిల్టన్‌కు వచ్చి కొన్నేళ్ళయింది. నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కుదురుకున్నాడు. అమ్మ పెరట్లో గోంగూర మొలిపించాలని ప్రతి వేసవిలోనూ పట్టుబట్టి, ప్రతి చలికాలంలోనూ ఓడిపోయేది. మావయ్య అమ్మకు సొంత తమ్ముడు. బాపట్లలో పుట్టి, చేపల గురించి చదువుకుని, ఎక్కడెక్కడో తిరిగి చివరికి అలాస్కాలో తేలాడు. సాల్మన్ చేపలు ఏటికి ఎదురీదుకుంటూ వచ్చే కాలంలో గట్ల వెంట నడుస్తూ వాటిని గమనించడం ఆయన ఉద్యోగం. అవే చేపల కోసం ఎలుగుబంట్లు కూడా వస్తాయి. అందుకని ఆయన ఛాతీ మీద రివాల్వర్ కట్టుకుని ఉద్యోగానికి వెళ్ళేవాడు. సెలవుల్లో స్నేహితులతో కొండల్లోకి వేటకు వెళ్ళినా అది ఛాతీ మీద ఉండాల్సిందే.

ఒక ఈస్టర్ సెలవుల్లో, అంటే ఇక్కడి శరత్కాలంలో, ఆయన మమ్మల్ని చూడటానికి వచ్చాడు. రివాల్వర్‌ను అలాస్కాలోనే వదిలి వచ్చాడు గానీ, దాని తోలు ఒర మాత్రం పెట్టెలో ఉంది. భుజాల మీదుగా పట్టీలు, ఛాతీకి అడ్డంగా ఒర. అమ్మ దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, "ఇదెందుకు మోసుకొచ్చావురా ఇంత దూరం?" అంది.

"అడవిలోకి ఇది లేకుండా వెళ్తే చొక్కా లేకుండా వెళ్ళినట్టుంటుందక్కా. కెమెరా పెట్టుకుంటాలే" అన్నాడు.

నాకప్పుడు పదకొండేళ్ళు. ఎలుగుబంటి అన్న మాట వినగానే ఆయన పక్కనుంచి కదలలేదు. మావయ్యలో నాకు నచ్చిన గుణం ఏమిటంటే, పిల్లలకు చెప్పేటప్పుడు కూడా పెద్దవాళ్ళకు చెప్పినట్టే చెప్పేవాడు. మొదట దుకాణంవాడు అన్నిటికంటే పెద్ద రివాల్వర్‌ను చేతిలో పెట్టాడట. ఎలుగుబంటికి అదే సరైనదన్నాడట. పేల్చి చూస్తే మొదటి గుండు సరిగ్గానే వెళ్ళింది. ఆ దెబ్బకు మణికట్టు వెనక్కి తిరిగి, రెండో గుండు ఆకాశంలోకి పోయింది. అప్పుడు ఆయనకు అర్థమైందట, మనం కొట్టగలిగిన చిన్న తుపాకీయే మనం కొట్టలేని పెద్ద తుపాకీ కంటే గొప్పదని. ఒక మెట్టు దిగి, ఆరు గుండ్లు పట్టే రివాల్వర్ తీసుకున్నాడు. పిస్టల్ ఎందుకు తీసుకోలేదని అడిగితే, తడి చేతులతో, చలికి మొద్దుబారిన వేళ్ళతో తనకు రివాల్వరే సులువన్నాడు. నడుముకు కట్టుకుంటే వీపు సంచి బెల్టు దాన్ని కప్పేస్తుంది. సంచిలో పెడితే లేనట్టే. ఛాతీ మీదైతే నిద్రలో కూడా చేతికి తెలుస్తుంది.

పెద్ద తుపాకీని రోజంతా మోయడం కష్టమని కూడా అన్నాడు గానీ, అది నేను నమ్మలేదు. ఆ కాస్త బరువు మోయలేరా ఎవరైనా అన్నాను. మావయ్య వంటింట్లోంచి రెండు బీన్స్ డబ్బాలు తెచ్చి, ఒరలో ఇరికించి, పట్టీలు బిగించి నాకు తొడిగాడు. పడుకునేదాకా తీయకూడదు అన్నాడు. నేను గర్వంగా ఇల్లంతా తిరిగాను. పెరట్లో బట్టలు ఆరేశాను, సైకిల్ తొక్కాను. అన్నానికి కూర్చునే వేళకు ఒర నా కుర్చీ వెనక వేలాడుతోంది. ఎప్పుడు తీశానో కూడా నాకు గుర్తు లేదు. మావయ్య నవ్వి, "చూశావా, ఎలుగుబంటి వచ్చేసరికి నీ తుపాకీ కుర్చీకి ఉంది" అన్నాడు. బరువు ఎక్కువైన తుపాకీ గుడారంలోనే ఉండిపోతుందనీ, ఏది కొనాలో తేల్చుకునేటప్పుడు దుకాణంలో కాక సాయంత్రం వేళ అలసిపోయిన భుజాన్ని అడగాలనీ చెప్పాడు.

ఆ తరువాత ఇంకో మాట కూడా అన్నాడు. ఎలుగుబంటి పొదల్లోంచి మీదికి దూకితే ఆలోచించే వ్యవధి ఉండదట. అందుకని ఏళ్ళ తరబడి సాధన చేసి, పొదల్లో చప్పుడు వినగానే చెయ్యి తనంతట తనే తుపాకీ మీదికి వెళ్ళేలా చేసుకున్నాడట. "బుర్రకు తెలిసేలోపే చేతికి తెలియాలి" అంటూ సోఫాలో కూర్చుని చేసి చూపించాడు. నిజంగానే ఆ చెయ్యి కదలడం నాకు కనబడలేదు. చప్పట్లు కొట్టాను.

మా పక్కింటి ఆంటీ కివీ, అంటే ఈ దేశంలోనే పుట్టి పెరిగిన మనిషి. పశువుల డాక్టరుగా చేసి రిటైరైంది. ఏటా దుప్పులు గొంతెత్తి అరిచే ఆ శరత్కాలంలో అడవికి వెళ్ళి ఫ్రీజర్‌కు సరిపడా మాంసం తెచ్చుకునేది. మావయ్యకు వేట ఇష్టమని తెలిసి, తనతో రమ్మంది. నాన్నకు వేట పడదు గానీ అడవిలో నడక ఇష్టం. అలా నాన్న, నేను కూడా బయలుదేరాం. ఆంటీ ముందే చెప్పింది, ఈ దేశంలో చేతి తుపాకీతో వేటకు వెళ్ళడం చట్టం ఒప్పుకోదనీ, ఇక్కడి అడవిలో మనిషిని తినే జంతువే లేదనీ. ఇక్కడ భయపడాల్సింది పొంగే ఏటికీ, చలికీ, తొందరపడే ఇంకో వేటగాడికీ మాత్రమేనట. మావయ్య తల ఊపాడు. అయినా ఒర తొడుక్కున్నాడు. బయలుదేరేటప్పుడు చూస్తే కెమెరా బ్యాటరీ చచ్చిపోయి ఉంది. ఖాళీ ఒరను చూసి అమ్మ లోపలికి వెళ్ళి, చేగోడీల ప్యాకెట్ తెచ్చి అందులో కుక్కింది. "కనీసం ఆకలికైనా పనికొస్తుంది" అంది.

మేము బస చేసింది పురెయోరా అడవిలో, కారు ఆపిన చోటు నుంచి ఒక ఏరు దాటి వెళ్ళాల్సిన చెక్క గుడిసెలో. మర్నాడు తెల్లవారగానే ఆంటీ, మావయ్య పైన గుట్ట మీది గడ్డి మైదానానికి వెళ్ళారు. రైఫిల్ ఆంటీదే, ఆవిడ చేతిలోనే ఉంది. నాకూ నాన్నకూ ఆంటీ నారింజ రంగు కోట్లు ఇచ్చి, ఇవి వేసుకోకుండా గుమ్మం దాటొద్దంది. మేము గుడిసెలో పేకాట ఆడుకుంటుంటే వాన మొదలైంది. కాసేపటికి ఇద్దరు నడకవాళ్ళు తడుస్తూ వచ్చి, కింద ఏరు పెరుగుతోందనీ, వెళ్ళేవాళ్ళు ఇప్పుడే దాటితే మంచిదనీ చెప్పారు. పైవాళ్ళకు ఆ సంగతి తెలియదు. వాళ్ళకు చెప్పి తీసుకురావడానికి నాన్న, నేను బయలుదేరాం.

వాన గట్టిగా ఉంది. నాన్న నా నారింజ కోటు మీద ముదురు గోధుమ రంగు రెయిన్‌కోటు తొడిగి గుండీలు పెట్టాడు. తడవకూడదన్న ధ్యాసే తప్ప, ఆ రంగులో మనిషి జంతువులా కనబడతాడని మా ఇద్దరికీ తట్టలేదు. నాన్నకు మోకాలు నొప్పి. నేను నాలుగడుగులు ముందు నడుస్తున్నాను. మైదానం దగ్గర పడుతుండగా బాట అంచు జారి, ఫెర్న్ మొక్కల్లోకి దొర్లిపోయాను. దెబ్బ తగల్లేదు గానీ ఊపిరి బిగబట్టుకుపోయి నోట మాట రాలేదు. పైన నాన్న నా పేరు పిలవడం వానలో సన్నగా వినిపిస్తోంది. ఎదురుగా చెట్ల మధ్య వెలుతురు కనబడితే అదే మైదానం అనుకుని, ఫెర్న్ కాడలు పట్టుకుంటూ, మోకాళ్ళ మీదా చేతుల మీదా అటు పాకాను. కొమ్మలు విరుగుతున్నాయి. గొంతులోంచి గురగురమని శబ్దం తప్ప ఇంకేమీ రావడం లేదు.

ఆ మైదానం అంచున, ఒక పడిపోయిన మానుకు ఆనుకుని మావయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆంటీ రైఫిల్‌తో అవతలి వైపు చూడటానికి వెళ్ళింది.

నేను ఆకులు తోసుకుని తల పైకెత్తేసరికి, నా మొహానికి ఎదురుగా చేగోడీల ప్యాకెట్ ఉంది. మావయ్య రెండు చేతులా దాన్ని పట్టుకుని, నా నుదుటికి గురిపెట్టి ఉన్నాడు. వేలు ప్లాస్టిక్‌ను నొక్కుతోంది. ప్యాకెట్ చిట్లి చేగోడీలు గడ్డిలో రాలాయి. ఆయన కళ్ళు నన్ను చూడటం లేదు. అలాంటి కళ్ళు నేను అంతకు ముందు చూడలేదు.

నాకు ఊపిరి తిరిగొచ్చింది. ముందు నవ్వొచ్చింది. "మావయ్యా, చేగోడీలు!" అన్నాను.

ఆయన నవ్వలేదు. ప్యాకెట్‌ను పసిపిల్లను దించినంత మెల్లగా నేల మీద పెట్టాడు. తరువాత నా తల, నుదురు, బుగ్గలు, రెండు చేతులతో తడిమి చూశాడు. "నువ్వా... నువ్వేనా... నువ్వా తల్లీ" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. అప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది. ఏం జరగబోయిందో పూర్తిగా కాకపోయినా, అప్పుడే తెలిసింది.

ఆంటీ పరుగున వచ్చింది. నన్ను, గడ్డిలోని ప్యాకెట్‌ను, మావయ్య మొహాన్ని చూసింది. రైఫిల్ ఖాళీ చేసి దూరంగా ఆనించి, తన నారింజ కోటు విప్పి నా రెయిన్‌కోటు మీద తొడిగింది. తరువాత మావయ్య పక్కన కూర్చుని, "మీ అక్క ఒరలో సరైన సరుకే పెట్టింది" అంది. ఆ మాటకు మావయ్య మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. నాన్న కుంటుకుంటూ వచ్చి చూసేసరికి మేము ముగ్గురం నేల మీద కూర్చుని ఉన్నాం.

ఏరు అప్పటికి నాన్న తొడల దాకా వచ్చింది. మావయ్య నన్ను వీపు మీద ఎక్కించుకున్నాడు. పెద్దవాళ్ళు ముగ్గురూ ఒకరి సంచి పట్టీలు ఒకరు పట్టుకుని దాటారు. అవతలి గట్టున కాలు పెట్టగానే ఆంటీ పెద్దగా కేక వేసింది, సంతోషంతో. దుప్పి దొరకలేదన్న బాధ ఎవరికీ లేదు.

తిరుగు దారిలో కారు వేడెక్కి అద్దాలకు ఆవిరి పట్టింది. నాన్న నెమ్మదిగా అన్నాడు, "మీ అక్కకి ఇదంతా చెప్పకు. అనవసరంగా కంగారు పడుద్ది. ఏమీ కాలేదు కదా."

మావయ్య కిటికీ మీది ఆవిరిని అరచేత్తో తుడిచాడు. "చెప్పాలి బావా" అన్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ వంట చేస్తోంది. మావయ్య తడి బూట్లు గుమ్మంలో విప్పి, నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. ఆయన మాటలు వెతుక్కోలేదు, తేలిక చేయలేదు. "అక్కా, ఇవాళ నా దగ్గర రివాల్వర్ ఉండుంటే నీ కూతుర్ని కాల్చేసేవాణ్ణి. చూడకుండానే కాల్చేవాణ్ణి" అన్నాడు. ఎలా జరిగిందో మొత్తం చెప్పాడు. తన భయాన్ని, చెయ్యి తనంతట తనే వెళ్ళడాన్ని, దేన్నీ దాచలేదు.

అమ్మ స్టవ్ కట్టేసింది. నన్ను దగ్గరికి లాక్కుని ఒళ్ళంతా చూసింది. ఆ తరువాత మావయ్య వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను.

"ఏ చెయ్యిరా?" అంది.

ఆయన కుడి చెయ్యి చాపాడు. అమ్మ ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. చలికి బిగుసుకున్న చేతిని వెచ్చజేసినట్టు రుద్దుతూ అలాగే నిలబడింది. చివరికి, "అన్నం తిందువుగాని రా" అంది. మావయ్య ఆ రోజు తిన్నంత అన్నం నేను ఎప్పుడూ చూడలేదు. తిని, సోఫా మీద ఒరిగి, పట్టపగలు గురక పెట్టి నిద్రపోయాడు. అంత నిశ్చింతగా నిద్రపోయే పెద్దమనిషిని కూడా నేను అంతకు ముందు చూడలేదు.

ఆయన అలాస్కాకు తిరిగి వెళ్ళాక రివాల్వర్ మానేయలేదు. అక్కడ ఎలుగుబంట్లు నిజమే కదా. కానీ సాధన మార్చుకున్నాడు. చప్పుడు వినగానే ముందు గొంతు, తరువాత కళ్ళు, చిట్టచివర చెయ్యి. అలా అలవాటు కావడానికి మళ్ళీ ఏళ్ళు పట్టిందని ఫోన్‌లో చెప్పేవాడు. ఒకసారి పొదలు కదిలితే తన నోటి నుంచి "ఎవరమ్మా?" అని తెలుగులో వచ్చిందనీ, లోపలి నుంచి బెర్రీలు కోసుకుంటున్న ఒక ముసలావిడ నింపాదిగా బయటికి వచ్చిందనీ చెప్పి ఎంత నవ్వాడో.

ఇప్పుడు నేను ఆసుపత్రి ఫార్మసీలో పని చేస్తున్నాను. నా కింద కొత్తగా చేరిన ఫార్మసిస్టులు ఉన్నారు. ఒక్కోసారి తప్పు మందు రోగి మంచం దాకా వెళ్ళి, ఎవరో చూసి ఆపడంతో వెనక్కి వస్తుంది. అలాంటప్పుడు వాళ్ళు నా గది గుమ్మంలో నిలబడి, చెప్పాలా వద్దా అని తటపటాయిస్తారు. ఏమీ కాలేదు కదా అన్న మాట వాళ్ళ పెదవుల మీదే ఉంటుంది. ఏమీ కాని దాన్ని గురించి ఎవరూ అడగకపోయినా చెప్పవచ్చనీ, చెప్పినవాడి చేతిని తోసేయకుండా పట్టుకోవచ్చనీ నేను ఆ రోజు మా వంటింట్లో చూశాను. అందుకని చేస్తున్న పని ఆపి కుర్చీ చూపిస్తాను. కూర్చుని, మొత్తం చెప్పమంటాను. చెప్పడం పూర్తయ్యాక వాళ్ళ భుజాలు ఒక్కసారిగా కిందికి దిగుతాయి. ఆ దిగడం చూసి నాకూ ఊపిరి తేలికవుతుంది.