సూర్యాపేటలో దిగమన్న మనిషి

“నీ పేరేంది బిడ్డా?”

“పేరెందుకమ్మా, దిగు. బస్సు కదుల్తది.”

మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. సర్పంచ్ ఎన్నికలో నేను ఒక్క ఓటుతో ఓడిపోయాను. చనిపోయిన మా ఆయన పేరు మీద కూడా ఎవరో ఓటేసి పోయారు. కేసు వేస్తానంటే గెలిచినామె మొగుడు నవ్వాడు. “ఎలక్షన్ కేసంటే హైకోర్టే అక్కా, పట్నం పోవాలె” అన్నాడు. ఊరంతా అదే నిజమనుకుంది.

కోదాడలో పట్నం బస్సెక్కితే ఈ మనిషి పక్కన కూర్చున్నాడు. మిర్యాలగూడ పోవాలన్నాడు. ఆ దారే వేరు, మరి ఈ బస్సెందుకెక్కాడని సంచి ఒళ్లోకి లాక్కున్నాను.

“హైకోర్టు ఎమ్మెల్యేలకమ్మా. సర్పంచ్ కేసు మన సూర్యాపేట కోర్టులనే ఏస్తరు. గడువు దాటితే ఎవ్వరు తీస్కోరు” అన్నాడు.

“నాది సర్పంచ్ కేసని నీకెట్ల ఎరుక?”

అతను కిటికీ వైపు తిరిగాడు.

సూర్యాపేటలో దిగింది అతన్ని నమ్మి కాదు. కోర్టులో అడిగి, అబద్ధమైతే వెనక బస్సుకు పోదామని దిగాను. కేసు తీసుకున్నారు.

వాయిదా రోజు గెలిచినామె కారు తలుపు తీస్తూ ఆ బస్సు మనిషే కనిపించాడు. వాళ్ల డ్రైవరు. నన్ను చూడనట్టే నిలబడ్డాడు, నేనూ అట్లనే. ఎందుకు చెప్పాడో, వెనక ఇంకేముందో నాకు ఇప్పటికీ అనుమానమే.

అయినా కోడలా, నేను చెప్తుంటే నువ్వు రాసినదాంట్ల అతను వాళ్ల డ్రైవరన్నది కొట్టెయ్. అతని నౌకరి పోవద్దు. ఇగ మొదటినుంచి చదువు, వింట.