కంప్యూటరుకు ఏరియల్ కట్టిన రోజు

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు గాని, నాకు తెలియనిది ఉందని మాత్రం ఒప్పుకునేవాణ్ణి కాను. (చదువు రానివాళ్లకు ఆ ధైర్యం కాస్త ఎక్కువే.) మోండా మార్కెట్ వెనక సందులో చాలా ఏళ్లు రేడియోలు బాగుచేశాను. గరగర వింటే చాలు, లోపల ఏది చెడిందో చెప్పేసేవాణ్ణి. తరువాత జనం రేడియోలు పట్టుకురావడం మానేశారు. దుకాణం మూసేసి, బావమరిది పుణ్యమా అని ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో అటెండరుగా చేరాను. ల్యాబు పెద్దసారు మొదటి రోజే తేల్చేశాడు: "నెల దినాలు జూస్తా. నచ్చితే ఉంటవ్, లేకుంటే నీ తొవ్వ నీది." ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు. ల్యాబులో ఎవరు దగ్గినా మంచినీళ్లు పట్టుకుని పరుగెత్తేవాణ్ణి.

నెల నిండే రోజు పొద్దున, లావు కళ్లద్దాల అమ్మాయి ఒకతె (అందరూ చశ్మా అనేవాళ్లు) కంప్యూటరు ముందు తల పట్టుకుని కూర్చుంది. "ఎఫ్ఎం సక్కగ వస్తలేదే, మస్తు పరేషాన్ అయితున్న. మధ్యాహ్నం సారుకు చూపియ్యాలె," అని పక్కపిల్లతో అంటోంది. నా చెవిన పడింది. ఎఫ్ఎం రాకపోతే ఏం చేయాలో నాకు ఒకరు చెప్పాలా? రాగి తీగ చుట్ట తీసుకుని మిద్దె ఎక్కాను. నీళ్ల ట్యాంకు మీద కర్ర పాతి, తీగ కట్టి, కిటికీలోంచి లోపలికి లాగి, కంప్యూటరు డబ్బా వెనక మరమేకుకు బిగించాను. బాగా బిగియాలని డబ్బాను కొంచెం ముందుకు జరిపాను. తెర నల్లబడింది. ప్లగ్గు ఊడి వచ్చింది.

"భాయ్! ఏం జేసినవ్? సేవ్ సుత చెయ్యలే!" అని చశ్మా అరిచింది.

"ఏరియల్ కట్టిన బిటియా. గిప్పుడు జూడు, ఎట్లొస్తదో."

ల్యాబులో పిల్లలంతా బల్లలు చరుస్తూ నవ్వారు. చశ్మా మాత్రం ఏడుపు ఆపుకుంటూ చెప్పింది: "దీనికి గాలిలకెల్లి ఏం రాదు భాయ్. కంప్యూటరే అలను పుట్టిస్తది, నా గొంతును అందులకెక్కిస్తది, మళ్ల అదే విప్పి బయటికి తీస్తది. అంత ఉత్తుత్తిదే."

"ఉత్తుత్తి రేడియోకా ఇంత తక్లీఫ్?" అన్నాను. నోరు మూసుకోవలసింది. వెనక పెద్దసారు నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి వేలాడే తీగను చూశాడు, నన్ను చూశాడు. "రేపటిసంది రాకు," అన్నాడు.

ఆ పిల్ల పొద్దుటి పనంతా మళ్లీ టైపు కొడుతుంటే పక్కనే దొంగలా నిలబడ్డాను. మధ్యాహ్నానికి అయింది. పెద్దసారు వచ్చాడు. స్పీకరులో చశ్మా గొంతు పలికింది. మెల్లగా అన్న మాటలు బాగానే ఉన్నాయి, గట్టిగా అన్న చోటల్లా చిరిగిపోతోంది. ఆ చిరుగుడు నాకు తెలుసు. పోయే ఉద్యోగం ఎట్లాగూ పోయిందని నోరు తెరిచాను: "గొంతు లేచినకాడ అల మస్తు ఊగుతుంది సార్. విప్పేదానికి అందుతలేదు. జెర ఊపు తగ్గియ్యమనుండ్రి."

చశ్మా ఒక్క అంకె మార్చింది. ఈసారి గొంతు ఎక్కడా చిరగలేదు. ఆ పిల్ల కుర్చీలోంచి ఎగిరినంత పని చేసింది.

"ఏం తప్పు దొరికిందో రిజిస్టర్ల రాయి," అని పెద్దసారు కలం నా చేతికిచ్చాడు. రాయడం రాదు, గీయడం వచ్చు. ఒక అల గీశాను: గొంతు లేచిన చోట ఒత్తుగా, తగ్గిన చోట పలచగా. ఆయన రిజిస్టరు తనవైపు తిప్పుకుని చూశాడు.

"చదువు రాదని ముందుగాల ఎందుకు చెప్పలే?"

"మీరు అడగలే సార్."

మొదటిసారి ఆయన నవ్వడం చూశాను. "ఉండు. కాని మిద్దె ఎక్కకు," అని బొమ్మ కింద సంతకం పెట్టాడు.

మరునాడు అన్నం తిన్నాక చశ్మా పలక తెచ్చి నా ముందు పెట్టింది. "గంత సక్కగ అల గీసినవ్, 'అ' గియ్యలేవా భాయ్?" గీశాను. వంకరగానే వచ్చింది. ఆ వంకర 'అ' తోనే ఇంతదూరం వచ్చి, ఇదంతా నా చేత్తో రాస్తున్నాను. కాలేజీలో చివరిదాకా నన్ను 'ఏరియల్ భాయ్' అనే పిలిచారు. ట్యాంకు మీద తీగ పట్టుకుని రొమ్ము విరుచుకుని నిలబడ్డ ఆ మనిషిని తలచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు ఏ పనైనా నాలుగుసార్లు చదివి చేస్తాను. అంత నమ్మకంగా తప్పు చేసే ధైర్యం ఇక నాకు లేదు. అప్పుడప్పుడు అది మళ్లీ కావాలనిపిస్తుంది.