ఖాళీ సంచి తూకం

నా చిన్నప్పుడు నన్ను మిరపకాయల కాటాలో కూర్చోబెట్టి తూచారు. ఒకసారి కాదు, నెల తేడాతో రెండుసార్లు. రెండోసారి తూచిన రోజున మా ఇంటి పాడిగేదె ఉండాలా, పోవాలా అన్నది నా బరువు మీదే ఆధారపడి ఉంది. ఈమధ్య నరసరావుపేటలో మా మేనకోడలు నా ఫొటో కావాలని అడిగినప్పుడు ఆ రోజు మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. ఫొటో సంగతి తర్వాత చెబుతాను. ముందు కాటా సంగతి.

మా ఊరు రెంటచింతలకు దగ్గర. మా ఇంటికి మూడిళ్ళ అవతల ఒక ముసలాయన మిరపకాయల కొట్టు ఉండేది. ఆయన్ను ఊరంతా కాటా తాత అని పిలిచేది. తెల్లటి గడ్డం, మోకాళ్ళ కిందికి వేలాడే చొక్కా, కళ్ళకు నిత్యం మిరపఘాటు తెచ్చిన ఎరుపు. దూలానికి గొలుసులతో వేలాడే పెద్ద కాటా ఆ కొట్టుకు నడుమ ఉండేది. రైతు బస్తా దించగానే తాత చేసే మొదటి పని, అలాంటిదే ఒక ఖాళీ గోనెసంచిని కాటాలో వేసి తూయడం. మిగతా కొట్లలో సంచికి ఇంత అని కంటిచూపుతో తీసేసేవారు. తాత అలా కాదు. నిన్న తూచిన సంచినైనా ఇవాళ మళ్ళీ తూచేవాడు. మంచుకు తడిసిన సంచి వేరు, ఎండిన సంచి వేరు అనేవాడు. రైతులు నవ్వేవాళ్ళు. "ఏంది బాబాయ్, గోనెసంచిలో బంగారం పెట్టి కుట్టామా?" అని ఆటపట్టించేవాళ్ళు. "సంచి బరువు సంచిది, కాయ బరువు కాయది. ఒకదాని బరువు ఇంకోదానికి కట్టబెడితే ఎట్టారా?" అని తానూ నవ్వి, తూచడం మాత్రం మానేవాడు కాదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా వానలు వెనకపట్టాక మా వీధిలో జ్వరాలు తగిలాయి. నేనూ, తాత మనవరాలూ ఒకే వారంలో పడ్డాం. మేమిద్దరం ఒకే ఈడు, ఒకే తరగతి. మూడు వారాలపాటు మంచం దిగలేదు. జ్వరం విడిచేసరికి నా గౌను భుజాల మీద నిలవకుండా జారిపోయేది. అమ్మ దానికి రెండు పక్కలా పిన్నీసులు పెట్టి, అటు తిరిగి కళ్ళు తుడుచుకునేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మాచర్ల బస్సు దిగి ఒకాయన మా ఊరొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఇనప్పెట్టె. పెట్టె నిండా బలం పొడి డబ్బాలు. ఈ మధ్య జ్వరాలు తగిలిన ఇళ్ళేవో వాకబు చేసుకుని మరీ ఆ ఇళ్ళకే వెళ్ళాడు. అప్పుడు మాకది దయలా కనిపించింది. మా అరుగు మీద కూర్చుని చక్కగా, ఓపిగ్గా మాట్లాడాడు. జ్వరం పడి లేచిన పిల్లలకు గేదెపాలు అరగవన్నాడు. వాటికి బదులు ఈ పొడి వేడినీళ్ళలో కలిపి ఇవ్వమన్నాడు. మొదటి డబ్బా ఊరికే ఇస్తాననీ, నెల తిరిగేసరికి పిల్ల బరువు పెరిగితేనే మిగతావి కొనమనీ చెప్పాడు. పెరిగితే మాత్రం ఇంట్లో ముగ్గురు పిల్లలకూ ఏడాదిపాటు వాడాలి. అలా పెరిగిన పిల్ల ఫొటోను తమ కాగితాల మీద అచ్చు వేయిస్తామని కూడా అన్నాడు.

ఆ ఒక్క మాటతో నేనాయనకు వశమైపోయాను. అమ్మ అంతకుముందే అయిపోయింది. ఏడాదికి సరిపడా డబ్బాలు కొనాలంటే మా ఇంట్లో అమ్మడానికి ఉన్నది పాడిగేదె ఒక్కటే. ఎలాగూ దాని పాలు పిల్లలకు పడవన్నాడు కదా, ఇక ఎందుకని అమ్మ లెక్క. నాన్న దొడ్లోకి వెళ్ళి గేదె మెడ నిమురుతూ చాలాసేపు నిలబడ్డాడు. దాచేపల్లి నుంచి ఒకతను ఆ గేదెను ఎప్పటినుంచో అడుగుతున్నాడు. నెలనాటికి వచ్చి తోలుకుపొమ్మని అతనికి కబురు వెళ్ళింది.

తూకానికి తాత కాటానే కావాలన్నాడు పొడి ఆయన. ఆ కాటా మాటను ఊళ్ళో ఎవరూ కాదనరని ఆయనకు ఎవరో చెప్పి ఉంటారు. తాత సరేనన్నాడు. నన్ను ఒక తట్టలో కూర్చోబెట్టి రెండో తట్టలో రాళ్ళు వేశారు. మిరపఘాటుకు నేను వరసగా తుమ్ముతుంటే తట్ట ఊగిపోయేది. "ఒసేయ్, తుమ్మి బరువంతా బయట పారబోసుకుంటన్నావే" అన్నాడు తాత. అందరూ నవ్వారు. నేను దిగాక, తలుపు సందులోంచి చూస్తున్న తన మనవరాలిని పిలిచాడు. "నువ్వూ ఎక్కవే, నీ సంగతీ చూద్దాం." ముసలాయన ముచ్చట పడుతున్నాడని అనుకున్నారు అందరూ. తలుపు వెనక సుద్దముక్కతో ఇద్దరి బరువులూ రాసుకున్నాడు.

ఆ నెలంతా రెండు పూటలా పొడి తాగాను. తియ్యగా, బిస్కట్ వాసన వేసేది. దానితోపాటు, జ్వరం విడిచిన ఒంటికి ఆకలి కూడా విపరీతంగా పుట్టుకొచ్చింది. జొన్నరొట్టెలు, పప్పు, గోంగూర, ఏది పెడితే అది తినేదాన్ని. తాత మనవరాలికి వాళ్ళింట్లో అదే రొట్టె, అప్పుడప్పుడూ గుడ్డు. పొడి లేదు. దాని ముందు డబ్బా పట్టుకుని తిరిగేదాన్ని. చెంచా వాసన చూడనిచ్చేదాన్ని గానీ నాకనిచ్చేదాన్ని కాదు. ఆ పాడుబుద్ధి వల్ల చివరికి ఒక మేలు జరిగిందని ఇప్పుడు సర్దిచెప్పుకుంటున్నాను.

నెల తిరిగింది. పొద్దున్నే కొట్టు ముందు వీధంతా చేరింది. దాచేపల్లి మనిషి పలుపుతాడు భుజాన వేసుకుని వచ్చి గోడవారన నిలబడ్డాడు. నన్ను తట్టలో కూర్చోబెట్టారు. రాయి మీద రాయి పడుతోంది. పాత తూకం దాటి మూడు కిలోల పైన పెరిగాను. పొడి ఆయన నా చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని నాన్నవైపు తిరిగింది. "ఏందయ్యా ఇంకా చూస్తన్నావు? పోయి గేదెను విప్పు."

నాన్న కదలబోయాడు. తాత గొలుసు మీద చెయ్యి వేసి, "ఆగమ్మాయ్. ఇంకా ఖాళీ సంచి తూయలా" అన్నాడు.

పొడి ఆయన నవ్వాడు. "పిల్లను సంచిలో పెట్టి తూచామా తాతగారూ?"

తాత మనవరాలిని పిలిచి తట్టలో కూర్చోబెట్టాడు. మళ్ళీ రాళ్ళు పడ్డాయి. తలుపును ఇవతలికి తిప్పి వెనకవైపు సుద్దరాత అందరికీ చూపించాడు. అదీ మూడు కిలోలు పెరిగింది. నాకంటే పావుకిలో తక్కువ, అంతే.

అప్పుడు తాత మాట్లాడిన తీరు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. గొంతు పెంచలేదు. ఎవరినీ చులకన చేయలేదు. "ఇద్దరికీ ఒకటే జరం, ఒకటే ఈడు. ఈ పిల్లకి నీ పొడి ఒక్క చెంచా కూడా పట్టలా. జరం పోయినాక పిల్లలు పుంజుకుంటారయ్యా, అది ఒంటి గుణం. న్యాయంగా చెప్పాలిగా, మీ పిల్ల పావుకిలో ఎక్కువ తూగింది. ఆ పావుకిలో నీ డబ్బాదే అనుకో, కాదనను. మిగతాది నీది కాదు."

మా అమ్మ గొంతే ముందు లేచింది. "ఆ పావుకిలో కూడా పొద్దున నేను పెట్టిన రెండు రొట్టెలదిలే బాబాయ్!"

వీధంతా గొల్లుమంది. పొడి ఆయన ముఖం కందగడ్డలా అయింది. ఒక్కో పిల్ల తత్వం ఒక్కో రకంగా ఉంటుందని ఏదో చెప్పబోయాడు. "అవునయ్యా, అందుకే ఒక్క పిల్లని చూపెట్టి ఊరంతటికీ చెప్పమాక" అన్నాడు తాత. ఆ తర్వాత ఆయన్ను అక్కడే కూర్చోబెట్టి టీ తెప్పించాడు. బస్సు వచ్చేదాకా ఇద్దరూ వానల గురించీ, పిల్లల గురించీ మాట్లాడుకున్నారు. దాచేపల్లి మనిషి ఉత్త పలుపుతాడుతో తిరిగి వెళ్ళాడు. నాన్న దొడ్లోకి వెళ్ళి గేదెకు కుడితి పెట్టాడు. ఆ పూట కుడితిలో తవుడు మామూలుకన్నా ఎక్కువే పడి ఉంటుంది.

అందరూ సంతోషించిన ఆ రోజున ఏడ్చింది నేనొక్కదాన్నే. నా ఫొటో పోయింది. అంతకన్నా, నేను పెరగడమే ఒక మోసం అన్నట్టు అందరూ నవ్వారనిపించింది. కొట్టు వెనక బస్తాల మధ్య దాక్కుని ఏడుస్తుంటే తాత వెతుక్కుంటూ వచ్చాడు. మోకాళ్ళు పట్టుకుంటూ నా పక్కన కూలబడ్డాడు.

"పెరిగింది అబద్ధం కాదు బేటీ. పెరిగింది నువ్వు, డబ్బా కాదు. నీ ఒళ్ళు చేసుకున్న పనిని ఆ డబ్బాకి ఎందుకిస్తావు?"

ఆయన అబద్ధమాడాడా తాతా అని అడిగాను. తాత తల అడ్డంగా ఊపాడు. "అబద్ధమాడలా. సగమే తూచాడు. పొట్టకోసం తిరిగేవాడు, మిగతా సగం తూస్తే పెట్టె బరువు తగ్గదు కదా, పాపం." తర్వాత కొట్లోంచి వాడని నోటుపుస్తకం ఒకటి తెచ్చిచ్చాడు. రోజూ ఏం తిన్నానో, ఒంట్లో ఎలా ఉందో రాసుకోమన్నాడు. "ఇవాళ ఈ పెట్టె పోయింది, రేపు ఇంకో పెట్టె వస్తుంది, అప్పటికి నేనుండనుగా" అన్నాడు.

ఆ పుస్తకంలో నేను రాసిన మొదటి వాక్యం, "ఈ రోజు ఏడ్చాను. మూడు రొట్టెలు తిన్నాను." అక్కడ మొదలైన అలవాటు ఇంతవరకూ ఆగలేదు. ముప్పైమూడేళ్ళు బడిలో సైన్సు చెప్పాను. ఏ ప్రయోగం చేయించినా, మందు వేయని రెండో కుండీ పక్కన ఉండి తీరాలని పిల్లలను సతాయించాను. పుస్తకాల్లో దానికి పెద్ద పేరే ఉంది. నా క్లాసులో మాత్రం దాని పేరు ఖాళీ సంచి.

ఇక ఫొటో సంగతి. మా మేనకోడలు మంచి పిల్ల. ఒళ్ళు తగ్గించే పొడి అమ్మే ఒక క్లబ్బులో చేరింది. నా సుగర్ చూసి దిగులుపడి, తెల్లవారకముందే వచ్చి నన్ను నడకకు లాక్కెళ్ళేది. రాత్రి అన్నం మాన్పించి కొర్రల ఉప్మా అలవాటు చేసింది. టీలో పంచదార మాన్పించింది. వీటితోపాటు రోజూ ఒక గ్లాసు పొడి నీళ్ళు. డాక్టరు ఇచ్చిన మాత్రలు మాత్రం నేను మానలేదు. రెండు నెలల్లో నేను నిజంగానే తగ్గాను, సుగరూ దిగింది. అప్పుడడిగింది. "అత్తా, నీ పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి స్టేటస్‌లో వేస్తా. రిటైర్డ్ టీచరంటే చానామంది నమ్ముతారు. ఈ నెల నా టార్గెట్ అయిపోద్ది." కంపెనీ పెట్టిన ఆ టార్గెట్ కోసం ఆ పిల్ల ఎంత సతమతమవుతోందో నాకు తెలుసు.

అరవై ఏళ్ళ కిందట పోయిన ఫొటో మళ్ళీ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కాసేపు మనసు ఊగిన మాట నిజం. తర్వాత డైరీ తీసి మేనకోడలి ముందు పెట్టాను. నడక, కొర్రలు, పంచదార మానడం, పొడి, నాలుగూ ఒకే వారంలో మొదలయ్యాయి. కాటా తాత కథంతా చెప్పాను. ఒక్క నెల పొడి మానేసి మిగతావన్నీ ఇలాగే చేద్దాం, ఆ తర్వాత నీ ఇష్టం వచ్చిన ఫొటో వేసుకో అన్నాను. అది మూతి ముడుచుకుంది. "నువ్వు అత్తవా, ఇన్‌స్పెక్టరువా?" అంది. అయినా మర్నాడు మామూలుగానే వచ్చి తలుపు తట్టింది.

ఆ నెలలోనూ తగ్గాను. ముందు నెలలకన్నా కాస్త తక్కువ. ఆ కాస్త నీ పొడిదే అనుకో అన్నాను, తాత అన్నట్టే. మేనకోడలు డైరీ పేజీలు వెనక్కి తిప్పి చూసింది. "అయితే నిన్ను తగ్గించింది నేనన్నమాట, డబ్బా కాదు" అంది నెమ్మదిగా. ఆ మాట దాని నోటి నుంచి వచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ ఫొటోకూ రాదు. ఇప్పుడు తన దగ్గరకు ఎవరొచ్చినా మొదటి నెల నడిపించి, రాయించి, ఆ తర్వాతే డబ్బా సంగతి ఎత్తుతోంది. డబ్బాలు అడిగేవాళ్ళు తగ్గారట, కంపెనీవాళ్ళు కోప్పడుతున్నారట. పొద్దున్నే నడవడానికి వచ్చేవాళ్ళు మాత్రం పెరిగారు.

ఫోన్‌లో రోజూ ఎవరో ఒకరు ఏదో ఒక గింజ గొప్ప, ఏదో ఒక కషాయం గొప్ప చెబుతూనే ఉంటారు. పక్కన రెండు ఫొటోలు, లావుగా ఒకటి, సన్నగా ఒకటి. వాటిని చూసి నాకు కోపం రాదు, నవ్వూ రాదు. ముందుగా మిరపఘాటు ముక్కుకు తగులుతుంది. తలుపు సందులోంచి చూస్తూ, పిలిస్తే వచ్చి తట్టలో కూర్చోవడానికి సిద్ధంగా ఉన్న ఆ రెండో పిల్ల ఎక్కడుందా అని నా కళ్ళు వెతుక్కుంటాయి.