రొయ్యలు ఏరేసిన వంకాయ కూర

ఎనిమిదేళ్లుగా ఒక చిన్న అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నది అని రాసేసరికే చెయ్యి ఆగింది. చిన్నదైతే ఇన్నేళ్లు ఎందుకు మోస్తాను? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే నమ్మకండి. ఆ అలవాటు ఇంకా పోలేదు.

మా పుట్టిల్లు కుప్పం. నన్ను మదనపల్లెకిచ్చారు, మా అక్కను పుంగనూరుకిచ్చారు. కుప్పంలో సగం తమిళ అలవాట్లే. పెరటాసి నెల వచ్చిందంటే అది వెంకటేశ్వర స్వామి నెల, ఇంట్లో నీచు, అంటే మాంసం, చేప, గుడ్డు, ఏదీ వండరు. పెళ్లయ్యాక నేను ఆ పట్టింపు వదిలేశాను. అక్క వదల్లేదు. బావకు కిడ్నీలు దెబ్బతిని ఆస్పత్రిపాలైనప్పుడు దాన్ని మొక్కుగానే చేసుకుంది. ఆయన లేచి తిరిగితే మూడేళ్లపాటు పెరటాసిలో నీచు ముట్టనని, ఇంట్లో వండనివ్వనని, నడిచి కొండెక్కుతానని. బావ లేచి తిరిగాడు. నేను చెప్పబోయే ప్రయాణం ఆ మూడో ఏడు పెరటాసిలో జరిగింది.

ప్రయాణం నా ఆలోచనే. బావ కోలుకున్నాడు కదా, దసరా సెలవుల్లో అందరం సముద్రం చూసొద్దామని పట్టుబట్టాను. మా మెట్ట ఊళ్లలో చేపలంటే చెరువు చేపలు, లేదంటే సంతలో ఎండుచేపలు. నెల్లూరు దగ్గర మైపాడు పోదాం, పచ్చి రొయ్యలు, పీతలు తిందాం అని నెల ముందునుంచే ఊరించాను. అక్క మాత్రం పెరటాసి దాటాక పోదామంది. అప్పటికి కవితకు సెలవులు అయిపోతాయని నేనే ఒప్పుకోలేదు. కవిత వాళ్ల ఒక్కగానొక్క కూతురు, అప్పుడు పదో తరగతి. బాడుగ కారులో అక్క, బావ, కవిత, మా ఆయన, నేను బయల్దేరాం.

బావ ప్యాంటు మడిచి నీళ్లలో నిలబడ్డాడు. ఎంత పిలిచినా రాడు. అక్క ఒడ్డున కూర్చుని ఆయన్నే చూస్తూ నవ్వింది. అంతవరకూ బాగుంది. తిండి దగ్గరే వచ్చింది చిక్కు.

ఒడ్డున ఒకామె గుడిసెలో హోటల్ నడుపుతోంది. రొయ్యల వేపుడు, పీతల పులుసు, పెనం మీదనుంచి అప్పుడే తీసిన చేప ముక్కలు. కవితకు పీత కాలు కొరకడం చేతగాక బట్టలన్నీ పులుసు చేసుకుంది. బయట తింటే మొక్కుకు అడ్డం లేదని అక్కే బావను, కవితను తినమంది. తను మాత్రం దూరంగా వేరే బెంచీ మీద కూర్చుంది. ఇంటినుంచి తెచ్చుకున్న పెరుగన్నం ఎండకు పులిసిపోయింది. రెండు అరటిపండ్లు తిని, నాకు చాలు, మీరు తినండి అంది.

ఆ మాట విన్నప్పుడు నాకు జాలేసిందని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. జాలి వేసింది, కాదనను. కానీ దానికంటే చిరాకు ఎక్కువ. నేను ఇంత కష్టపడి అందరినీ తీసుకొస్తే ఈమె ఒక్కతే ఆకలితో కూర్చుని మా నోట్లోని ముద్దను పాపం చేస్తోందనిపించింది. చిన్నప్పటినుంచీ అక్క భక్తి పక్కన నేను ఎప్పుడూ ఒక మెట్టు కిందే. ఆ పూట ఆమె కూడా నా మెట్టు మీదికి దిగాలనిపించింది. ఇంతకంటే మంచి మాటలో దాన్ని చెప్పలేను.

పొయ్యి దగ్గరికి వెళ్లి నీచు లేనిదేమైనా ఉందా అని అడిగాను. "వంకాయ కూరుంది గానీ, దాన్లో ఎండు రొయ్యలేశానమ్మా. మా కాడ అట్నే చేస్తాం" అంది ఆమె. నాకే, పర్లేదు అన్నాను. గిన్నె పట్టుకుని గుడిసె వెనక్కి పోయాను. చెంచా కొనతో రొయ్యలు ఒక్కొక్కటే ఏరి ఇసుకలో పారేశాను. ఎవరైనా చూస్తున్నారా అని రెండుసార్లు వెనక్కి తిరిగాను. అంటే అది తప్పని నాకు అప్పుడే తెలుసు.

అక్క ఒక్క మాటే అడిగింది. "నీచు తగల్లేదు కదా?" లేదక్కా, నేనే సూసి తెచ్చినా, అన్నాను.

ఇంకొంచెం అడిగి మరీ తినింది. "వంకాయకు ఇంత రుచి యాడిదే? ఆయమ్మను అడిగి నేర్చుకోవాల" అని లేచింది. కారాయన తొందర పెడుతున్నాడని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. దారంతా బావకు ఆ కూర సంగతే చెప్పింది. నేను కిటికీ వైపు తిరిగి నిద్ర నటించాను.

కార్తీకంలో బావకు జబ్బు తిరగబెట్టింది. ఉగాది చూడకుండానే పోయాడు.

కూరకూ చావుకూ సంబంధం ఉందని నేను నమ్మను. ఆ కిడ్నీలను నమ్ముకోలేమని డాక్టర్లు మొదటే చెప్పారు. కానీ మొక్కు నాది కాదు కదా, నేను నమ్మితే ఎంత, నమ్మకపోతే ఎంత? నమ్మేది అక్క. బావ రెండోసారి ఆస్పత్రిలో ఉండగా వరండాలో నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతి చెమట ఇప్పటికీ గుర్తుంది.

"మొక్కులో యాడో లోటు జరిగిండాదే. ఆ పొద్దు సముద్రం కాడ తిన్నానే, ఆ కూరలో ఏమీ లేదు కదా?"

"నీకేమన్నా పిచ్చా అక్కా? ఏమీ లేదు."

"సత్యంగా?"

"సత్యంగా."

ఆ పూట చెప్పి ఉంటే నన్ను తిట్టేది, కొట్టేది, జన్మలో నా మొహం చూసేది కాదేమో. కానీ వెతకడం అక్కడితో ఆగేది. నేను కాదన్నాను కాబట్టి ఇంకా వెతికింది. తను కొండకు పోయిన రోజు ఇంట్లో ఏం జరిగిందని కవితను నిలదీసింది. అమ్మ లేనప్పుడు స్కూలుకు టైమవుతుంటే ఒక కోడిగుడ్డు ఆమ్లెట్ వేసుకున్నానని ఆ పిల్ల చెప్పేసింది. పదిహేనేళ్ల పిల్ల అడగ్గానే నిజం చెప్పింది. ముప్పై నాలుగేళ్లదాన్ని నేను సత్యం చేసి అబద్ధం చెప్పాను.

అక్క దాన్ని కొట్టలేదు. "నీ నోటి రుచికి మీ నాయన్ను పొట్టన పెట్టుకునేటట్టుండావు" అంది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. ఎందుకు? భయం. అక్కకు దూరమవుతానని భయం, మా ఆయన ఏమంటాడోనని భయం. రేపు చెబుదాం, బావ ఇంటికొచ్చాక చెబుదాం అనుకున్నాను. ఆయన ఇంటికి రాలేదు. పోయినాక ఎలా చెప్పాలి?

కవిత ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. తల్లీకూతుళ్లు అవసరమైతేనే మాట్లాడుకుంటారు. ఈ పెరటాసిలో కవిత మా ఇంటికొచ్చింది, చెంపలు లోపలికి పోయున్నాయి. ప్లేట్లో ఉప్మా పెడితే, నెలంతా ఒక పూటే తింటానంది. ఏటా ఇంతేనట, వాళ్ల నాయన కోసమట. నేను ప్లేటు వెనక్కి తీసుకుని వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. అప్పుడు కూడా చెప్పలేదు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం కవితకు ఫోన్ చేసి చెప్పాను. కూర, రొయ్యలు, వరండా, సత్యం, అన్నీ. నీ గుడ్డు కాదమ్మా, అని రెండుసార్లు అన్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే అది కూడా దాని మీద వేసే బరువే.

"మా అమ్మకు చెప్పినావా చిన్నమ్మా?" అంది. లేదన్నాను. "ఆఫీసులో ఉండాను" అని పెట్టేసింది.

నాలుగు రోజులైంది. కవిత మళ్లీ చెయ్యలేదు. అక్కకు అది చెబుతుందో, నేనే చెప్పుకోవాలని ఆగిందో తెలియదు. నన్ను అసహ్యించుకుంటే అసహ్యించుకోనీ, తనను తాను అసహ్యించుకోవడం ఆపితే చాలు. సిగ్గు లేకుండా ఇంకొకటి కూడా చెబుతాను. ఆ ఫోన్ పెట్టేశాక ఎనిమిదేళ్ల తర్వాత గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను. అది నాకు దక్కాల్సిందేనా అంటే చెప్పలేను.

ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాను. అయినా సైలెంట్‌లో పెట్టడం లేదు.