మొహం చూసి ఇచ్చే నంబరు

మొహం చూసి బొట్టు పెట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మొహం చూసి ఫోన్ నంబరు ఇచ్చేవాణ్ణి చూడాలంటే మాత్రం సముద్రాలు దాటి మోరిస్‌విల్ వెళ్లాలి. అక్కడ శశికాంత్ అనే మహానుభావుడున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అప్పుడప్పుడే నెరుస్తున్న మీసం, పూజిత అనే భార్య, మూడో తరగతి చదివే స్మృతి అనే కూతురు, ఆ పిల్ల స్కూలు వెనకాలే ఒక టౌన్‌హోమ్. ఇంతవరకూ నలుగురిలాంటివాడే. తేడా ఏమిటంటే, లోకంలో జనమంతా వేరే పనీపాటా లేక తనకే ఫోన్లు చేసి ప్రాణాలు తోడేస్తున్నారని ఆయనగారి నమ్మకం.

అంతగా తోడేసేవాళ్లు ఎవరయ్యా అంటే, ఇన్సూరెన్స్ అమ్మే లక్ష్మీపతి గారు పండక్కీ పబ్బానికీ పలకరిస్తాడు. గుళ్లో ప్రసాదం వడ్డించడానికి మనుషులు కావాలని ఒకావిడ అడుగుతుంది. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన అఖిల్ అనే కుర్రాడు, ఎవరి ద్వారానో నంబరు పట్టుకుని, "అన్నా, మీ కంపెనీల రెఫరల్ ఏమన్న ఇస్తరా" అని గొంతు చిన్నది చేసుకుని అడుగుతాడు. అంతే. తనూ ఒకప్పుడు అలాంటి గొంతుతోనే కనపడినవాణ్ణల్లా అడిగి ఉద్యోగం తెచ్చుకున్నవాడే. అది గుర్తుంటే ఆయన శశికాంత్ ఎందుకవుతాడు? ఏరు దాటి తెప్ప తగలేసే రకం.

ఒక ఆదివారం పొద్దున ఈయనకి జ్ఞానోదయమైంది. ఇంటర్నెట్ మీద నడిచే రెండో ఫోన్ నంబరు ఒకటి ఫ్రీగా ఇస్తారట. ఫ్రీ అనే మాట చెవిన పడ్డాక మనవాడు ఆగుతాడా? ప్లేటులో ఉప్మా చల్లారి రాయవుతున్నా పట్టించుకోకుండా యాప్ దించుకున్నాడు. ఏరియా కోడ్ ఈ ఊరిదే ఎంచుకున్నాడు, తీసుకునేవాడికి అనుమానం రాకూడదుగా మరి! వాళ్లు చూపించిన నంబర్లలో నోరు తిరిగేది ఒకటి ఏరుకున్నాడు. అసలు ఫోన్‌కి ఒక కోడ్ వచ్చింది, అది కొట్టాడు. రెండో నంబరు చేతికొచ్చేసింది.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. సెట్టింగుల్లోకి దూరాడు. కొత్తవాళ్లెవరైనా చేస్తే ముందు ఒక మరగొంతు "మీ పేరు చెప్పండి" అని అడిగేలా పెట్టాడు. పేరు చెప్పుకున్నాకే రింగవుతుంది. ఆ రింగు కూడా ఆఫీసు వేళల్లో ఈయనకి వినపడకుండా నోరు నొక్కేశాడు. చేసినవాడు వాకిట్లో నిలబడి పేరు చెప్పుకుని, ఎదురుచూసి, చివరికి ఒక మెసేజ్ వదిలేసి పోవాలి. సాయంత్రం టీ తాగుతూ ఈయన వాటిని తీరిగ్గా విని నవ్వుకుంటాడు. పెద్ద దర్బారు నడుపుతున్నాననుకున్నాడు వెర్రి మహారాజు.

ఆ నంబరుకి 'గాలి నంబర్' అని పేరు పెట్టి, లక్ష్మీపతి లాంటి పాతవాళ్లకి నంబరు మారిందని మెసేజ్ పెట్టి, కొత్తగా ఎవరు అడిగినా ముందు వాళ్లను పైనుంచి కిందకి ఒకసారి చూసేవాడు. తన మేనేజరు, డాక్టరు, లేక్ పక్కన పెద్దిల్లు కొన్నవాళ్లు, వీళ్లకి అసలుది. మిగతా జనాభా అంతటికీ గాలిది. తలా ఒక వంట పట్టుకొచ్చే పాట్‌లక్ విందుల్లో ఎవరైనా "అన్నా, నీ నంబర్ చెప్పు" అంటే ఆ పది అంకెలూ ఎంత ప్రేమగా చెప్పేవాడంటే, విన్నవాళ్లు మురిసిపోయేవాళ్లు.

ఈ విద్యని తన దగ్గరే దాచుకుంటే పాపమనుకున్నాడేమో, ఇంజినీరింగ్ నాటి స్నేహితుడు రఘుకి కూడా నేర్పాడు. రఘు కూడా ఈ ఊళ్లోనే ఉంటాడు. పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పట్టి అక్షరాలు దిద్దించినట్టు అన్నీ నొక్కించాడు.

"అప్పుడప్పుడు దీన్నుంచి ఒక కాల్ చేస్తుండాలి బావా," అన్నాడు శశికాంత్. "నెలల తరబడి వాడకపోతే వెనక్కి లాగేసుకుంటారు."

"చేస్త, చేస్త," అన్నాడు రఘు. కాలిముందు పడిన కాగితం తీయడానికి కూడా బద్ధకించే రఘు! చేస్తాడట.

ఇక స్కూలు సంగతి. ఆగస్టులో స్మృతి స్కూలు వివరాలు నింపే రోజొచ్చింది. తండ్రి ఫోన్ అన్నచోట శశికాంత్ గాలి నంబరు కొట్టాడు. పూజిత చూసింది.

"స్కూల్‌కి కూడా అదేనా? బుద్ధుందా నీకు?"

"నీకు తెలీదు పూజీ. వాళ్లకి ఎప్పుడూ చందాల గోలే. ఫన్ రన్ అంటారు, బుక్ ఫెయిర్ అంటారు, వాలంటీర్‌గా రమ్మంటారు. నీ నంబర్ ఫస్ట్ ఉందిగా, ఏదన్నా ఉంటే నీకే చేస్తారు."

"చేస్తారు. చచ్చినట్టు నేనే పరిగెత్తాలి."

"మరి నువ్వేగా బాగా మాట్లాడతావు వాళ్లతో," అన్నాడు. సిగ్గు లేనివాడికి మాటలకేం కొదవ?

ఇంకా ఒక గడి మిగిలింది. తల్లిదండ్రులు దొరక్కపోతే ఎవరికి చెయ్యాలి అని. ఈ దేశంలో మనకి బాబాయిలా, పిన్నులా? ఉన్న నలుగురు స్నేహితులమే ఒకరి పిల్లలకి ఒకరం ఆ గడిలో చుట్టాలమవుతాం. శశికాంత్ రఘుకి ఫోన్ చేశాడు.

"ఎమర్జెన్సీ కాంటాక్ట్‌కి నీ పేరు రాస్తున్నా బావా."

"రాస్కో. గానీ ఆ కొత్త నంబర్ రాయి. ఈ స్కూలోళ్లు ఒక్కసారి పట్టుకుంటే ఇడ్వరు."

ఒళ్లు మండాల్సిన మాట. శశికాంత్‌కి మాత్రం నవ్వొచ్చింది. గురువుని మించిన శిష్యుడని పొంగిపోయాడు. నా కూతురికి ఆపదొస్తే నువ్వు ఎత్తని నంబరు ఇస్తావురా అని ఆ క్షణంలో తోచలేదు. ఎలా తోస్తుంది, తనే ఎత్తని నంబరు పైనే రాసి పెట్టాడుగా!

అన్నిటికన్నా ఘనకార్యం ఇంకోటి ఉంది. పిల్లలకి అమ్మానాన్నల నంబర్లు నోటికి రావాలని టీచరు చెప్పింది. తల్లి తన నంబరు నేర్పింది. తండ్రి ఏది నేర్పాడో చెప్పాలా? చిన్నపిల్ల, ఎక్కడ పడితే అక్కడ వాగేస్తుంది, బర్త్‌డే పార్టీల్లో ప్రతి తల్లికీ అసలు నంబరు పంచిపెడుతుంది అని ఆయన భయం. అందుకని గాలి నంబరునే ఎక్కాల బాణీలో పాడి పాడి నేర్పాడు. ఆ పిల్ల కారులో, స్నానాల గదిలో, అన్నం తింటూ "డాడీ నంబర్, డాడీ నంబర్" అని అదే పాడుకునేది. తండ్రికి ముచ్చటేసేది. థూ, ఆ ముచ్చట తగలెయ్య.

అక్టోబరులో పూజితకి ఆఫీసు పని మీద సియాటిల్ దగ్గర బాతెల్ వెళ్లాల్సొచ్చింది. ఒక వారం. అంటే ఆ వారమంతా స్మృతికి ఈ మహారాజే దిక్కు. ఎయిర్‌పోర్టులో దిగుతూ పూజిత మరీ మరీ చెప్పింది.

"ఇంకాసేపట్లో నా ఫోన్ ఆఫ్ అయిపోతుంది. దిగేదాకా నేను దొరకను. ముందు ఆ నంబర్‌కి సైలెంట్ తీసెయ్."

"సరే."

"సరే కాదు శశీ. ఇప్పుడే తీసెయ్."

"ఇంటికెళ్లగానే తీస్తా, డ్రైవ్ చేస్తున్నా కదా."

ఇంటికెళ్లాడు. లాప్‌టాప్ తెరిచాడు. మీటింగులో కూర్చున్నాడు. తీయలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆటల వేళ, స్మృతి ఇనపకడ్డీలు పట్టుకుని వేలాడుతూ చెయ్యి జారి కింద పడింది. మోచేయి మీద పడింది. స్కూల్లో ఉండే నర్సు మంచుగడ్డల సంచీ పెట్టి, కూర్చోబెట్టి, ఫోన్ అందుకుంది. తల్లికి చేసింది. తల్లి ఆకాశంలో ఉంది. తండ్రికి చేసింది.

తండ్రి ఎక్కడున్నాడు? స్కూలు వెనక వీధిలో. గట్టిగా పిలిస్తే వినపడేంత దూరంలో! వంటింట్లో టీ పెట్టుకుంటున్నాడు. లాప్‌టాప్ తెరమీద ఒక మూల చిన్న గుర్తు వెలిగింది. స్కూలు నంబరు, ఒక మెసేజ్. కిందటి వారం ఫన్ రన్ చందాల కోసం రెండుసార్లు చేశారు వాళ్లు. "మళ్లీ మొదలెట్టార్రా బాబూ," అని పైకే అన్నాడు. వినకుండానే చెరిపేశాడు. టీలో ఇంకొంచెం చక్కెర వేసుకున్నాడు.

నర్సు మళ్లీ చేసింది. మళ్లీ మరగొంతు, మళ్లీ మెసేజ్. ఇటు ఈయన ఆ గుర్తుని చూసీ చూడనట్టు ఇంకో మీటింగులోకి పోయాడు. నర్సు రఘుకి చేసింది. ఈ నంబరు ప్రస్తుతం పనిచేయడం లేదని జవాబొచ్చింది. ఒక్క కాలైనా చేసి ఉంటేగా రఘు! దాన్ని ఏనాడో వెనక్కి లాగేసుకున్నారు. నర్సు వివరాల్లో ఉన్న మూడు నంబర్లనీ తిప్పి తిప్పి కొట్టింది. ముగ్గురు పెద్దవాళ్లు, ముగ్గురూ చదువుకున్నవాళ్లు, ఒక్కరూ దొరకలేదు.

చివరికి శశికాంత్ అసలు ఫోన్ మోగింది. అది మోగితే పెద్దవాళ్లేనని ఆయన లెక్క గనక వెంటనే ఎత్తాడు. పూజిత. విమానం సియాటిల్‌లో ఆగింది గానీ ఆమె ఇంకా సీట్లోంచి లేవను కూడా లేదు, ఫోన్ ఆన్ చేసి స్కూలు మెసేజ్ విని చేస్తోంది.

"ఎక్కడ చచ్చావ్?"

"ఇంట్లోనే, ఏమైంది?"

"ఇంట్లోనేనా! స్మృతి పడిపోయిందట, చెయ్యి వాచిపోయిందట, వాళ్లు గంటల తరబడి చేస్తుంటే ఎత్తట్లేదు నువ్వు! ఆంబులెన్స్ పిలవబోతున్నారు. పో ముందు!" ఆమె ఏడుస్తోంది. చుట్టూ జనమున్నా లెక్కచెయ్యకుండా ఏడుస్తోంది.

శశికాంత్‌కి చెరిపేసిన మెసేజ్ కళ్లముందు కదిలింది. చెప్పులు దొరకలేదు, సాక్సులతోనే వీధిలోకి పరిగెత్తాడు. కారు తీయాలన్న ఆలోచన కూడా రాలేదు. ఎదురింటాయన చెయ్యి ఊపాడు. ఆయనకీ ఇచ్చింది గాలి నంబరే.

నర్సు గదిలో చిన్న మంచం మీద స్మృతి కూర్చుని ఉంది. కుడిచేతిని గుడ్డతో మెడకి కట్టారు. మోచేయి దగ్గర ఉబ్బి, రంగు మారింది. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన మొహం. తండ్రిని చూడగానే మళ్లీ పెదవి వణికింది.

"సారీ రా కన్నా, సారీ," అన్నాడు శశికాంత్. మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"డాడీ, నేను నీ నంబర్ చెప్పాను. నర్స్‌కి చెప్పాను. సాంగ్ లాగా చెప్పాను."

"అవును, చెప్పావమ్మా."

"నర్స్ నన్నే కాల్ చేయమంది. ఫోన్‌లో వాడు నేమ్ అడిగాడు. స్మృతి అని చెప్పాను. మళ్లీ కూడా చెప్పాను, లౌడ్‌గా. అయినా నువ్వు రాలేదు." ఇంకేదో అనబోయి తల దించుకుంది. "నేను నంబర్స్ రాంగ్ చెప్పానా?"

దర్బారు పెట్టి శశికాంత్ లక్ష్మీపతినీ అఖిల్‌నీ గుడి ఆవిణ్ణీ నిలబెట్టిన ఆ వాకిట్లోనే తన కూతురు వాచిన చేత్తో నిలబడి, గట్టిగా పేరు చెప్పుకుని, లోపలికి రానివ్వండని అడిగింది. లోపల తను టీలో చక్కెర కలుపుకుంటున్నాడు.

"లేదు తల్లీ, నువ్వు కరెక్ట్‌గానే చెప్పావు," అన్నాడు ఎలాగో.

నర్సు మర్యాదగానే మాట్లాడింది. ఎముక ఫొటో తీయించాలి, వెంటనే తీసుకెళ్లండి అంది. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని, ఆ పాత నంబరుకి మీరు దొరకడం లేదు కాబట్టి, మిమ్మల్ని పట్టుకోవడానికి సరైన నంబరు ఒకటి చెప్పండి, మారుస్తాను అంది.

శశికాంత్ చెప్పాడు. ఈసారి అసలుది. మేనేజరుకీ పెద్దింటివాళ్లకీ ఇచ్చేది. పది అంకెలూ ఒక్కొక్కటే, తలొంచుకుని చెప్పాడు.

స్మృతి ఎడమచేత్తో కళ్లు తుడుచుకుంటూ విన్నది. పాటలో లేని అంకెలు. తండ్రి మొహంలోకి చూసింది.

"డాడీ, అది ఎవరి నంబర్?"